కన్నం వేయని దొంగ

సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో చారుదత్తుడి ఇంటికి కన్నం పడుతుంది. శర్విలకుడనే దొంగ జంధ్యాన్నే కొలతతాడుగా వాడుకుని, ఆ గోడకు ఏ ఆకారంలో కన్నం నప్పుతుందో ఆలోచించి మరీ తవ్వుతాడు. తెల్లారి లేచిన చారుదత్తుడు ఏం పోయిందో చూసుకోకముందే ఆ కన్నం పనితనానికి ముచ్చటపడతాడు. పాస్‌వర్డ్‌లు కాజేసే మాల్వేర్‌లలో జియస్ అనే దాని లోపలి అమరిక గురించి చదివినప్పుడల్లా నాకు చారుదత్తుడు గుర్తొస్తాడు. కాకపోతే జియస్ కన్నం వేయదు. గోడ జోలికే పోదు. దాని పనితనమంతా అందులోనే ఉంది.

2007లో అమెరికా రవాణా శాఖ కంప్యూటర్ల నుంచి సమాచారం లాగుతుండగా ఇది మొదటిసారి పరిశోధకుల కంటపడింది. రాసినవాడు ‘స్లావిక్’ అనే మారుపేరుతో వ్యవహారం నడిపేవాడు. ఆ పేరు వెనక ఉన్నది రష్యాలో నల్లసముద్రం ఒడ్డున ఉన్న అనపా ఊరివాడు యెవ్‌గెనీ బొగచెవ్ అని 2014లో అమెరికా ప్రభుత్వం అభియోగం మోపింది. మరుసటి ఏడాది అతని తల మీద 30 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది.

పనితనాన్ని మెచ్చుకుంటున్నానంటే పనిని మెచ్చుకుంటున్నానని కాదు. 2009లో కెంటకీ రాష్ట్రంలోని బుల్లిట్ కౌంటీ ఖాతాలోంచి 4,15,000 డాలర్లు జియస్ వల్లే పోయాయి. అది జనం కట్టిన పన్ను డబ్బు. షికాగోలోని ఫ్రాన్సిస్కన్ సన్యాసినుల సంఘం కూడా బాధితుల జాబితాలో ఉంది. జియస్ వాడే ముఠాల్లో ఒకదాని మీద 2010 అక్టోబరులో ఎఫ్‌బీఐ దాడి చేసినప్పుడు తేలిన లెక్క ప్రకారం 22 కోట్ల డాలర్లకు ఎసరు పెట్టి, 7 కోట్ల డాలర్లు పట్టుకుపోయారు. ఇంత జరిగాక కూడా లోపల ఏముందో విప్పి చూస్తే, పని తెలిసినవాడి చెయ్యి ఎక్కడికక్కడ కనిపిస్తుంది.

అసలు పాస్‌వర్డ్ ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. మనం బ్యాంకు పేజీలో అక్షరాలు కొడతాం. అవి పేజీలోని గడిలో చేరతాయి. లాగిన్ నొక్కగానే బ్రౌజర్ వాటిని మూటగట్టి, ఎన్‌క్రిప్ట్ చేసి బ్యాంకుకు పంపుతుంది. అడ్రస్ బార్‌లో కనిపించే తాళం బొమ్మ మాట ఇచ్చేది ఈ ప్రయాణం గురించే. దారిలో ఎవరు పట్టుకున్నా వాళ్ల చేతికి చిక్కేది అర్థంకాని గీతలే. ఆ గణితాన్ని విప్పే శక్తి ఏ దొంగకూ లేదు, జియస్‌కీ లేదు. అయితే మూట కట్టడానికి ముందు, బ్రౌజర్ కడుపులోనే, ఆ పాస్‌వర్డ్ కాసేపు మామూలు అక్షరాల్లో ఉండక తప్పదు. జియస్ కాపు కాసేది ఆ ఒక్కచోటే. కవరు అంటించకముందే భుజం మీదుగా ఉత్తరం చదివేసేవాడి దగ్గర జిగురు ఎంత గట్టిదైతే ఏం లాభం?

ఆ చోటికి చేరే పద్ధతి ఇంకా చూడముచ్చటగా ఉంటుంది. విండోస్‌లో నడిచే ఏ ప్రోగ్రామూ అన్ని పనులూ సొంతంగా చేసుకోదు. ఇంటర్నెట్‌కు ఏదైనా పంపాలంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ‘వినైనెట్’ అనే విండోస్ లైబ్రరీని పిలిచి, ఇదిగో, దీన్ని పంపించు అని అప్పగిస్తుంది. జియస్ బ్రౌజర్ మెమరీలోకి తన కోడ్ ఎక్కించి, పంపే పని చేసే ఆ ఫంక్షన్ మొదట్లో ఉన్న కొన్ని బైట్లను మాత్రం మారుస్తుంది. ఇకమీదట ఆ పిలుపు ముందు జియస్ దగ్గరికి వస్తుంది. అది ఒక నకలు తీసుకుని, అసలు ఫంక్షన్‌కి పని అప్పజెబుతుంది. లాగిన్ మామూలుగా అయిపోతుంది. పేజీ ఆలస్యం కాదు, ఎర్రర్ రాదు. ఫైర్‌ఫాక్స్ వినైనెట్‌ను వాడదు, దాని లైబ్రరీ వేరు. కాబట్టి దానికి వేరే కొక్కెం. రెండు బ్రౌజర్ల లోపలి దారులూ తెలుసుకుని రాసిన పని ఇది.

జియస్‌కు ముందు పాస్‌వర్డ్ దొంగలు లేరా అంటే, ఉన్నారు. కీబోర్డు మీద పడ్డ ప్రతి నొక్కునూ రాసుకునే కీలాగర్లు చాలా పాతవి. కానీ వాటి వల్ల దొంగకు దొరికేది చెత్తకుప్ప. ఎవరో స్నేహితుడితో చాటింగ్, ఒక తప్పు అక్షరం, బ్యాక్‌స్పేస్, మధ్యలో ఎక్కడో నాలుగు అంకెలు. అవి పిన్ నంబరో పుట్టిన సంవత్సరమో ఎవడు చెప్పాలి? జియస్ నొక్కుల మీద ఆధారపడకుండా నింపిన ఫారాన్నే ఎత్తుకుపోతుంది. ఏ సైటు, యూజర్ నేమ్ గడిలో ఏముంది, పాస్‌వర్డ్ గడిలో ఏముంది అన్నీ పేర్లతో సహా విడివిడిగా సర్దిపెట్టి వస్తాయి. కాపీ చేసి అతికించిన పాస్‌వర్డ్ అయినా, బ్రౌజర్ గుర్తుపెట్టుకుని తనే నింపిన పాస్‌వర్డ్ అయినా దానికి ఒకటే. దొంగ సొత్తు ఏరుకునే శ్రమ కూడా యంత్రానికే వదిలేశాడు.

మన దేశంలో చాలా బ్యాంకులు నెట్ బ్యాంకింగ్ పేజీలో తెర మీదే ఒక కీబోర్డు బొమ్మ పెట్టి, మౌస్‌తో నొక్కమని సలహా ఇచ్చిన కాలం గుర్తుండే ఉంటుంది. కొన్నిటిలో అక్షరాలు ప్రతిసారీ స్థానం మారేవి కూడా. కీలాగర్లకు అది మంచి మందే. జియస్ దీనికి సమాధానం ముందే రాసిపెట్టుకుంది. ఎంచుకున్న సైట్లలో మౌస్ నొక్కినప్పుడల్లా, నొక్కిన చోటు చుట్టూ చిన్న చతురస్రం మేరకు తెరను ఫొటో తీస్తుంది. తెర మొత్తం ఎందుకు తీయదంటే, పెద్ద ఫొటోలు పంపితే ఇంటర్నెట్ వాడకం పెరిగి ఎవరికైనా అనుమానం రావచ్చు. కావలసింది వేలు పడిన అక్షరం ఒక్కటే కదా. ఈ పొదుపు చూసినప్పుడే నాకు దీన్ని రాసినవాడి మీద కోపంతోపాటు గౌరవం లాంటిది కలిగింది.

ఇక అసలు కళాఖండం వెబ్ ఇంజెక్ట్. ఇంతవరకు చెప్పింది బ్రౌజర్ నుంచి బయటికి వెళ్లేదాన్ని నకలు తీయడం. వెబ్ ఇంజెక్ట్ లోపలికి వచ్చేదాన్ని మారుస్తుంది. బ్యాంకు పంపిన పేజీ ఎన్‌క్రిప్షన్ విప్పుకుని బ్రౌజర్ తెర మీదికి వచ్చేలోపు, జియస్ దానిలో తనకు కావలసిన ముక్క కుట్టేస్తుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ గడుల కింద ‘భద్రత కోసం మీ ఏటీఎం పిన్ కూడా ఇవ్వండి’ అని మూడో గడి వస్తుంది. అక్షరాల సైజూ, రంగూ, గడి అంచూ బ్యాంకు వాళ్లవే. అడ్రస్ బార్‌లో బ్యాంకు అసలు చిరునామాయే ఉంటుంది. తాళం బొమ్మ ఉంటుంది, సర్టిఫికెట్ నొక్కి చూస్తే అదీ అసలుదే. నకిలీ సైట్లను ఎలా కనిపెట్టాలో మనకు నేర్పిన జాగ్రత్తలన్నీ పాటించినా ఇక్కడ పట్టుకోలేం, ఎందుకంటే సైటు నకిలీ కాదు. బ్యాంకు సర్వర్‌కు కూడా ఏమీ తెలియదు; వాళ్లు పంపింది రెండు గడులే.

ఈ కుట్టుపని కోసం జియస్ రచయిత ఒక చిన్న భాషనే పెట్టాడు. మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఏ చిరునామా పేజీ, ఏ ముక్క తర్వాత, ఏ ముక్కకు ముందు, ఏం చేర్చాలి అని రాస్తే చాలు. ప్రోగ్రామ్ ముట్టుకోనక్కర్లేదు. దీంతో వెబ్ పేజీలు తయారుచేయడం వచ్చిన ప్రతివాడికీ ఇందులో పని దొరికింది. ఫలానా బ్యాంకుకు ఇంజెక్ట్ రాసిపెడతాం అని ధర కట్టి అమ్మే ఉపవృత్తి ఒకటి పుట్టింది.

ఓటీపీ ఉంటే ఆగుతుందనుకున్నారు. 2009 నాటికే దానికీ దారి కనిపెట్టారు. బాధితుడు నిమిషం మాత్రమే చెల్లే కోడ్ టైపు చేయగానే అది జాబర్ అనే చాట్ ద్వారా అక్కడెక్కడో కూర్చున్న దొంగ తెర మీదికి ఆ క్షణమే చేరేది. ఇక్కడ బాధితుడికి ‘సైటు మరమ్మతులో ఉంది, కాసేపాగి ప్రయత్నించండి’ అనే పేజీ. బ్యాంకు సైట్ల మరమ్మతులు మనకు కొత్తా? ఓపిగ్గా ఆగేవారు. ఆ కాసేపట్లో దొంగ ఆ కోడ్‌తో ఖాతాలోకి దూరి పని ముగించుకునేవాడు.

ఇదంతా ఒక్కడు కూర్చుని చేసే దొంగతనం కాదు. జియస్ ఒక వైరస్ అనడం కంటే వైరస్‌లు తయారుచేసుకునే సరంజామా అనడం సబబు. కొన్నవాడికి తన వైరస్ తయారుచేసుకునే బిల్డర్, సెట్టింగుల ఫైల్, దోచినదాన్ని వెతుక్కునే కంట్రోల్ ప్యానెల్ వచ్చేవి. ఆ ప్యానెల్ పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో కట్టింది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టులకు వాడే సామగ్రే. 2010 మార్చిలో సెక్యూర్‌వర్క్స్ సంస్థ విశ్లేషకులు దీని ధరల పట్టిక బయటపెట్టారు. మామూలు సరంజామా 3,000 నుంచి 4,000 డాలర్లు. ఫైర్‌ఫాక్స్‌లోనూ పనిచేయాలంటే ఇంకో 2,000. విస్టా, విండోస్ 7 మీద నడవాలంటే 2,000. జాబర్ కబురు 500. బాధితుడి కంప్యూటర్‌ను దూరం నుంచి తెరతో సహా నడిపించే విభాగం 10,000. కొన్న సరుకు ఒక్క కంప్యూటర్ మీదే నడిచేలా హార్డ్‌వేర్ లైసెన్సు కూడా పెట్టాడు. దొంగసరుకు దొంగలపాలు కాకూడదని ఆయన పడ్డ తాపత్రయం అది. పోటీ వ్యాపారి ఒకడు అమ్మిన స్పైఐ అనే మాల్వేర్‌లో జియస్‌ను చంపి ఆ కంప్యూటర్‌ను సొంతం చేసుకునే మీట కూడా ఉండేది.

కంప్యూటర్‌లో దాక్కునే తీరులోనూ అంతే శ్రద్ధ కనిపిస్తుంది. మొదటి తరం జియస్ విండోస్ సిస్టమ్ ఫోల్డర్‌లో ‘ఎస్‌డీఆర్‌ఏ64’ లాంటి, చూస్తే ఏదో విండోస్ సామానే అనిపించే పేరుతో చేరేది. తన ఫైల్ తారీఖులను విండోస్ సొంత ఫైల్ అయిన ‘ఎన్‌టీడీఎల్ఎల్’ తారీఖులతో సమానం చేసుకునేది. ఈమధ్య వచ్చిన ఫైళ్లేవో తేదీ ప్రకారం వెతికేవాళ్లకు అది విండోస్‌తో పాటు పుట్టినట్టే కనబడుతుంది. ఫోల్డర్‌లో ఏముందని అడిగే పిలుపును కూడా దారిమళ్లించి తన పేరు జాబితాలోంచి తీసేసేది. లాగిన్ అయినప్పుడు విండోస్ ఏమేం నడపాలో చెప్పే ‘యూజర్‌ఇనిట్’ అనే రిజిస్ట్రీ పద్దులో, ఉన్నదాన్ని చెరపకుండా, కామా పెట్టి పక్కన తన పేరు చేర్చుకునేది. ఆ పద్దును చెరిపేస్తే, నడుస్తున్న జియస్ చూసుకుని మళ్లీ రాసేది. ఫైల్‌ను తెరిచి పట్టుకునే ఉంటుంది కాబట్టి తీసేద్దామంటే పోదు.

రెండో తరం ఇంకా తెలివిమీరింది. అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేకపోయినా ఫర్వాలేదని, వాడుకరి సొంత ఫోల్డర్లలోనే అర్థంలేని పేర్లతో కాపురం పెట్టింది. దానికంటే నాకు నచ్చింది ఇంకొకటి. ఒక కంప్యూటర్‌లో స్థిరపడ్డాక, ఆ కంప్యూటర్ డిస్క్ గుర్తింపును తనలో కలుపుకుంటుంది. ఆ ఫైల్‌ను పట్టుకెళ్లి యాంటీవైరస్ కంపెనీ ల్యాబ్‌లో నడిపితే, ఇది నా ఇల్లు కాదని గ్రహించి ఏమీ చేయకుండా ముగిసిపోతుంది. పట్టుబడ్డాక కూడా నోరు విప్పని దొంగ అన్నమాట.

2011 మేలో జియస్ సోర్స్ కోడ్ బయటికి పొక్కింది. ఇక సిటడెల్, ఐస్ నైన్ అని దాని సంతానం ఊరూరా లేచింది. ఆ కథలో పెద్దగా విశేషం లేదు, నకళ్లు నకళ్లే. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన గేమోవర్ జియస్ మాత్రం నకలు కాదు.

పాత జియస్‌కు బలహీనత దాని సర్వర్. సర్వర్ చిరునామా దొరికితే మూయించవచ్చు. స్విట్జర్లాండ్‌కు చెందిన అబ్యూస్ డాట్ సీహెచ్ వాళ్లు జియస్ ట్రాకర్ అని పెట్టి ఆ చిరునామాలను అందరికీ చాటేవారు. అందుకని గేమోవర్‌లో రోగం సోకిన కంప్యూటర్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. ప్రతిదాని దగ్గరా తనలాంటి ఇతర కంప్యూటర్ల చిరునామాల జాబితా ఉంటుంది, అరగంటకోసారి వాళ్లను పలకరించి ఉన్నారో లేరో చూసుకుంటుంది. ఎవరైనా పోలీసు ఈ జాబితాల్లోకి తన చిరునామాలు గుప్పిస్తే? దానికీ విరుగుడు ఉంది. 4,096 ఇంటర్నెట్ చిరునామాల పేట ఒక్కోదాని నుంచి ఒకే పేరును జాబితాలోకి రానిస్తుంది. పోలీసులకైనా పరిశోధకులకైనా చిరునామాలు సాధారణంగా ఒకే పేటలో గుంపుగా ఉంటాయని తెలిసి పెట్టిన నియమం. మరీ ఎక్కువసార్లు పలకరించే చిరునామాను వెలివేస్తుంది కూడా. ఇవన్నీ తెగిపోతే ఆఖరి దారిగా, ఆనాటి తేదీని బట్టి వారానికి 1,000 వెబ్‌సైటు పేర్లను లెక్కగట్టుకుని ఒక్కొక్కటీ తట్టి చూస్తుంది. దొంగ ఆ వెయ్యిలో ఒక్కటి కొనుక్కుంటే చాలు. ఆపాలనుకునేవాళ్లు వెయ్యీ మూయాలి, ప్రతివారం. ఇక ఆజ్ఞలన్నిటి మీదా 2048 బిట్ల డిజిటల్ సంతకం ఉంటుంది, యజమాని తప్ప వేరెవరు ఏం చెప్పినా వినదు.

2012లో ఒకసారి, 2013లో ఒకసారి దీన్ని కూల్చబోయి ఓడిపోయారు. 2014 మే 30న మూడోసారి దిగినవాళ్లలో ఎఫ్‌బీఐ, యూరోపోల్, బ్రిటన్ నేర పరిశోధన సంస్థలతో పాటు క్రౌడ్‌స్ట్రైక్, సెక్యూర్‌వర్క్స్ ఇంజినీర్లు, జర్మనీలోని సార్లాండ్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఉన్నారు. ఇక్కడ నా మెచ్చుకోలు రెండో పక్షానికి మారుతుంది. ఎవరో రాసిన యంత్రాన్ని సోర్స్ కోడ్ లేకుండా, యంత్రభాష నుంచే చదువుకుని, దాని నియమాలు ఒక్కటీ మీరకుండా దానితో దాని భాషలోనే మాట్లాడి, పొరుగువాళ్ల జాబితాలో ఒక్కో పేరునూ తమ పేరుతో మార్చుకుంటూ వచ్చారు. దొంగకూ ఈ కంప్యూటర్లకూ నడుమ ఉన్న మధ్యవర్తి కంప్యూటర్లను అదే సమయంలో పట్టుకున్నారు. వెయ్యి పేర్ల దారిని కోర్టు ఉత్తర్వులతో మూశారు. మూడూ ఒకేసారి జరగాలి, ఒక్కటి తప్పినా దొంగ ఆ సందులోంచి కొత్త ఆజ్ఞ పంపుకుంటాడు. జూన్ 2న ప్రపంచానికి చెప్పేసరికి 5 లక్షల నుంచి 10 లక్షల దాకా ఉంటాయని అంచనా వేసిన ఆ కంప్యూటర్లు యజమాని మాట వినడం మానేశాయి.

అయితే రోగం పోలేదు. సంతకం తాళం దొంగ దగ్గరే ఉంది కాబట్టి, ‘నిన్ను నువ్వు తుడిచేసుకో’ అని ఎవరూ ఆజ్ఞాపించలేరు. మాల్వేర్ ఆయా కంప్యూటర్లలోనే మూగగా పడి ఉంది. బ్రిటన్ పోలీసులు తమ ప్రజలకు రెండు వారాల గడువు చెప్పారు, ఈలోపు శుభ్రం చేసుకోండని. తొందరపెట్టడంలో అర్థం ఉంది: జూలైలోనే కొత్త రూపం ఒకటి తల ఎత్తింది. దీనికి పూర్తి భిన్నంగా ఎమోటెట్ అనే మరో మాల్వేర్ విషయంలో 2021లో పోలీసులకు సర్వర్లే చిక్కాయి. జర్మన్ పోలీసులు అదే సర్వర్ల ద్వారా ఒక చిన్న ప్రోగ్రామ్ పంపించి, ఏప్రిల్ 25న ఎమోటెట్ తనంతట తనే తొలగిపోయేలా చేశారు. దొంగ కట్టిన దారిలోనే మందు పంపడం బాగుంది. కానీ అది తీసింది ఎమోటెట్‌ను మాత్రమే. ఎమోటెట్ వెంటబెట్టుకొచ్చిన ఇతర మాల్వేర్‌ల జోలికి పోలేదు.

ఇవాళ్టి పాస్‌వర్డ్ దొంగలు రెడ్‌లైన్, లుమ్మా లాంటివాళ్లు. నిజం చెప్పాలంటే వీళ్లలో జియస్ ఓపిక లేదు. కాపు కాయరు. బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఫైల్‌లో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. దాని తాళం విండోస్ మీ లాగిన్ కింద దాస్తుంది. మీ పేరు మీద నడిచే ప్రోగ్రామ్ అడిగితే విండోస్ ఆ తాళం ఇచ్చేస్తుంది, ఎందుకంటే దాని లెక్కలో అడిగింది మీరే. ఆ సొమ్మూ, కుకీలూ మూటగట్టుకుని నిమిషాల్లో వెళ్లిపోతారు. చాలాసార్లు వెళ్తూ వెళ్తూ తమ ఫైల్ తామే చెరిపేస్తారు. ఈ కుకీలు పాస్‌వర్డ్‌లకంటే ప్రమాదం. ‘వీళ్లు ఇప్పటికే లాగిన్ అయ్యారు’ అని సైటు ఇచ్చిన చీటీ అది. దాన్ని పట్టుకెళ్లినవాడిని పాస్‌వర్డ్ అడగరు, ఓటీపీ కూడా అడగరు. 2024 జూలైలో క్రోమ్ 127 నుంచి గూగుల్ ఈ కుకీల తాళాన్ని క్రోమ్‌కే కట్టిపడేసింది. కొన్ని వారాలకే దాన్ని దాటేశామని ఈ మాల్వేర్‌ల అమ్మకందార్లు ప్రకటించుకున్నారు. 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు, రెండు నెలల్లోనే లుమ్మా సోకిన విండోస్ కంప్యూటర్లు 3,94,000 అని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది.

ఇవి ఇంట్లోకి వచ్చే దారుల్లో కళ ఏమీ లేదు. డబ్బు పెట్టకుండా కావాలని వెతికే ఫొటోషాప్ క్రాక్, గేమ్ చీట్, ఇన్‌వాయిస్ పేరుతో వచ్చిన జిప్ ఫైల్. ఈమధ్య ఇంకొకటి: ‘మీరు మనిషేనని నిరూపించుకోండి’ అనే పేజీ వచ్చి, విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కండి, కంట్రోల్ వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి అంటుంది. ఆ పేజీ ముందే మీ క్లిప్‌బోర్డులో ఒక ఆజ్ఞ పెట్టి ఉంటుంది. మీ చేత్తో మీరే దాన్ని నడుపుతారు. మనుషులమని నిరూపించుకోవడానికి ఏ అసలు సైటూ విండోస్ రన్ పెట్టెను తెరవమనదు.

సోకిందని అనుమానం వస్తే చాలామంది తప్పు వరసలో మొదలుపెడతారు: అదే కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చేస్తారు. జియస్ జాతిదేదైనా ఇంకా లోపలే ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా ఫారంతో సహా దానికే వెళ్తుంది. ముందు వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఉన్న మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. ఇది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, మామూలు విండోస్ లేవకముందే డిస్క్ వెతుకుతుంది. జియస్ దాక్కున్న తీరు గుర్తుంటే దీని విలువ తెలుస్తుంది: ఫోల్డర్ జాబితాలోంచి పేరు తీసేయడం, పద్దు మళ్లీ రాయడం, ఫైల్‌ను పట్టుకు కూర్చోవడం ఇవన్నీ అది నడుస్తున్నప్పుడే చేయగలదు. నడవకపోతే అదొక మామూలు ఫైల్. పనిలో పనిగా డిఫెండర్ ఎక్స్‌క్లూజన్ల జాబితా కూడా చూడండి. ‘ఈ ఫోల్డర్ వెతకొద్దు’ అని మీరు పెట్టని పేరు అక్కడ ఉంటే, దాన్ని పెట్టింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా, టాస్క్ షెడ్యూలర్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు కూడా ఒకసారి కలియజూడాలి. రెండో అభిప్రాయం కావాలంటే మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రలో ఉచిత పరికరాలు దొరుకుతాయి.

స్కాన్‌లో ఏమీ దొరకలేదంటే? లేదని కావచ్చు, పని ముగించుకుని పోయిందని కావచ్చు. రెంటికీ తేడా తెర మీద కనిపించదు. అందుకే బ్యాంకు పనులు చేసే కంప్యూటర్ అయితే, ఫొటోలూ డాక్యుమెంట్లూ విడిగా కాపీ చేసుకుని, మరో కంప్యూటర్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్ కొత్తగా వేసుకోవడమే నా ఓటు. దాచుకున్న ఇన్‌స్టాలర్లను, ముఖ్యంగా ఆ క్రాక్‌ను, తిరిగి తెచ్చుకోకండి.

పాస్‌వర్డ్‌ల పని ఈ శుభ్రం పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు, సోకని ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో వెంటనే మొదలుపెట్టాలి. డబ్బు కదిలి ఉంటే అన్నిటికంటే ముందు బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కూ ఫోన్. అక్కడ నిమిషాలే లెక్క. ఆ తర్వాత మార్చాల్సిన మొదటి పాస్‌వర్డ్ బ్యాంకుది కాదు, ఈమెయిల్‌ది. మిగతా అన్ని పాస్‌వర్డ్‌లనూ ‘మర్చిపోయాను’ అని నొక్కి మార్చుకునే దారి ఆ మెయిల్ గుండానే పోతుంది. మార్చాక అన్ని డివైస్‌ల నుంచీ లాగౌట్ చేయమనే మీట నొక్కాలి, లేకపోతే ఎత్తుకుపోయిన కుకీ అవతలివాడి చేతిలో ఇంకా చెల్లుతూనే ఉండవచ్చు. చివరగా మెయిల్ సెట్టింగుల్లోకి వెళ్లి ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రికవరీ ఫోన్ నంబరు చూసుకోవాలి. బ్యాంకు నుంచి వచ్చే మెయిల్స్‌ను మీకు కనిపించకుండా పక్కకు తోసే ఫిల్టర్ ఒకటి అక్కడ ఉంటే, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా దానంతట అది పోదు, చేత్తో తీయాల్సిందే.